చప్పట్లు లేని లారీ

మంచి వార్త వచ్చినప్పుడు నేనూ, మా ఆయన సబీనో ఒకే బురీటో రొట్టెచుట్టను చెరో కొస నుంచీ కొరుకుతున్నాం. పెళ్లయి నెలయినా కాలేదు. మధ్యలో ముక్కులు తగిలితే చాలు, మాకు నవ్వాగేది కాదు. హ్వారెస్ నగరంలో మేం పనిచేసే సర్వర్ కంప్యూటర్ల ఫ్యాక్టరీ భోజనాల గదిలో మైకు గరగరలాడింది. ఇంజనీరు బర్రగాన్ స్వయంగా చెప్పాడు.

“క్లౌడ్ కంపెనీ ఆర్డరు మనకే! ఇక పనికి కరువు లేదు!”

అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే. కిటికీ ఉన్న ఇంటికి మారొచ్చని నా ఆశ.

మా పెళ్లిలో మా ఇద్దరి భుజాలనూ కలిపి పూలతాడు చుట్టిన బెనీతక్క మాత్రం చేతులు కదపలేదు. ఇంజనీరు గదిలోకి రాగానే అడిగింది.

“మరి మా చిన్న సర్వర్ల లైనో?”

“మూసేస్తున్నాం. ఆస్పత్రులూ స్కూళ్లూ సొంతంగా సర్వర్లు కొనడం మానేశాయక్కా. క్లౌడ్‌లో అద్దెకు తీసుకుంటున్నాయి. వాళ్లందరి బదులూ ఈ ఒక్క కంపెనీయే కొంటుంది. బీరువాల్లాంటి ర్యాకులు!”

“స్క్రూలు బిగించుకునేదాన్ని, బీరువాలు తొయ్యాలా? మొన్న ఈ పిల్ల పెళ్లిలో రెండు పాటలకే మొరాయించింది నా నడుము!”

అందరం నవ్వాం.

ర్యాకంటే కారంత బరువు. చక్రాల మీద తోస్తూ, ర్యాంపు మీదుగా లారీలోకి ఎక్కించాలి. ర్యాంపు అంచు పగిలిందని చెప్పాం. “ఈ లారీ పోనివ్వండి, తర్వాత చూద్దాం” అన్నారు పైవాళ్లు. తర్వాతి లారీకీ అదే మాట. లారీ కదిలినప్పుడల్లా మేం వరుసగా నిలబడి చప్పట్లు కొట్టాలి. మా సంతోషాన్ని ర్యాకులు కొన్నవాళ్లకు కెమెరాలో చూపించేవారు.

బుధవారం చక్రం పగుల్లో దిగి ర్యాకు ఒరిగింది.

“వదిలేసి పక్కకు రండి!” సబీనో అరిచాడు.

“పట్టుకోండి! పడనివ్వద్దు!” ఇంజనీరు అరిచాడు.

బెనీతక్క పట్టుకుంది. ర్యాకు ఆమె మీదే పడింది.

దుప్పటి కప్పి తీసుకెళ్లారు. ర్యాంపు కడిగారు. ఆ తడి ఆరకముందే ఇంకో ర్యాకు ఎక్కించి లారీని పంపారు. ఇంజనీరు చప్పట్లు మొదలుపెట్టాడు. ఆ రెండు చేతులే మోగాయి. మిగతా వరుసంతా రాయిలా నిలబడింది. ఆర్డరు వచ్చిన రోజు అంతలా మోగిన నా చేతుల్ని నేను చూసుకోలేకపోయాను.

బయట, ఫ్యాక్టరీ బస్సుల దగ్గర ఎవరూ బస్సెక్కలేదు.

“చప్పట్లు మానేస్తే ర్యాంపు బాగవుతుందా?” మాతో ర్యాకులు తోసే ముసలి ఎవెలియో ఉమ్మేశాడు. “రేపు మనల్ని గెంటేస్తారు. అంతే.”

“గెంటేస్తే ర్యాకులు ఎవడు తోస్తాడు, మీ ఇంజనీరా?” ఎవరో అరిచారు.

సబీనో నా చెయ్యి నొక్కాడు. నేను ముందుకొచ్చాను.

“తాతా, చిన్న సర్వర్లప్పుడు కొనేవాళ్లు వెయ్యిమంది. మనం లైను ఆపినా ఎవరికీ తెలిసేది కాదు. ఇప్పుడు కొనేది ఒక్కడే. వాడి లారీ మన ర్యాంపు దగ్గర ఆగిపోతే వాడికి వినబడదా?”

ఎవెలియో టోపీ తీశాడు.

“రేపు పొద్దున ర్యాకులు కొన్నవాళ్లు చూడ్డానికొస్తున్నారట” అన్నాడు. “మొదటి ర్యాకును ర్యాంపు దాకా తోసుకొద్దాం. అక్కడ అందరం ఒకేసారి చేతులు తీసేద్దాం. ర్యాంపు కొత్తది కట్టేదాకా, బెనీత చావుకు జవాబు చెప్పేదాకా, ఒక్క చక్రం కూడా కదలదు.”