దొరగారి జబ్బు

పెళ్లిచీర మడత ఇంకా నలగకముందే, బోర్డులు రాసే మొగుడు నిచ్చెన మీంచి జారి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. లోపల కడ్డీ వేసి కుట్టారు. మంచం దిగాడు, చంకకర్రలు వదిలాడు, ఇప్పుడు చేతికర్ర మిగిలింది. రోజూ నడవమన్నాడు డాక్టరు. నడకకి తోడు దొరగారు. అంటే వాళ్ల కుక్క. పొట్ట ఊపుకుంటూ, ఎవర్నీ లెక్కచెయ్యకుండా నడుస్తారు కాబట్టి ఆ పేరు.

మొగుడు ఒక్కో అడుగూ వేస్తుంటే కొత్త పెళ్లాం మురిసి ముక్కలైపోయేది. ఒక్కటే దిగులు. దొరగారు ప్రతి కరెంటు స్తంభం దగ్గరా ఆగుతున్నారు.

"దీనికేదో మూత్రం జబ్బేమోనండీ!"

"నాకూ అదే అనుమానం," అన్నాడు మొగుడు, స్తంభానికి ఆనుకుని చెమట తుడుచుకుంటూ. "పాపం, దానిదేం తప్పు?"

ఆమె ఆఫీసుకి సెలవు పెట్టి మరీ కుక్కని పశువుల డాక్టరుకి చూపించింది. "గుండ్రాయిలా ఉంది. కాస్త తిండి తగ్గించండి," అన్నాడాయన.

ఇంటికొచ్చేసరికి అత్తగారు సంచితో సహా దిగి ఉంది.

"ఆ వీధి మలుపు దాకా వెళ్లి రారా, చూస్తాను. మధ్యలో చతికిలబడ్డావో, నాతో బండెక్కాల్సిందే. పూర్తిగా నయమయ్యేదాకా నా దగ్గరే."

"మరి నేను, అత్తయ్యా?"

"నీకు ఉద్యోగం ఉందిగా అమ్మాయ్. ఫోన్లో మాట్లాడుకోండి."

కొత్త పెళ్లాం గబగబా మొగుడి చేతికి కర్ర అందించింది.

మొగుడు ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో కుక్క తాడు పట్టుకుని బయల్దేరాడు. అత్తాకోడళ్లు బాల్కనీలో నిలబడ్డారు. మొదటి స్తంభం వచ్చింది. దొరగారు దాన్ని దాటి వెళ్లిపోబోయారు. తాడు బిగిసింది. లాగింది మొగుడే! దొరగారు విసుగ్గా వెనక్కి చూసి, మర్యాద కోసం కాలెత్తారు. మొగుడు స్తంభానికి ఆనుకుని ఊపిరి పీల్చుకున్నాడు. తర్వాతి స్తంభం దగ్గరా అదే తంతు. ఆ తర్వాత కాలైతే లేచింది గానీ, పాపం, దొరగారి దగ్గర సరుకు అయిపోయింది.

"ఏమిటే అమ్మాయ్, ఆ కుక్క అలా అడుగడుక్కీ ఆగుతుంది?"

కొత్త పెళ్లాం నవ్వుని గొంతులోనే నొక్కేసింది. "జబ్బత్తయ్యా. ఆపుకోలేదు."

మొగుడు మలుపు తాకి, ఆయాసానికి ముఖం కందగడ్డలా అయి తిరిగొచ్చాడు. అత్తగారు కొడుకుని ఎగాదిగా చూసింది.

"నువ్వు బాగానే ఉన్నావురా. ఈ కుక్క వాలకమే బాగాలేదు. నాతో తీసుకెళ్లి, పథ్యం పెట్టి, నయమయ్యాక పంపిస్తాను."

కాదంటే గుట్టు రట్టవుతుంది. మొగుడూ పెళ్లామూ కలిసి దొరగారిని బండెక్కించారు. బండి కిటికీలోంచి దొరగారు చూసిన చూపుకి మాత్రం ఇద్దరూ తలలు దించుకున్నారు.

మర్నాడు సాయంత్రం నడకకి ఇద్దరే. మొదటి స్తంభం వచ్చింది. మొగుడు స్తంభం వంక చూశాడు, ఖాళీ చేతి వంక చూసుకున్నాడు, బింకంగా ఇంకో అడుగు వెయ్యబోయాడు.

"ఉండండుండండి, నా చెప్పు పట్టీ ఊడింది," అంటూ ఆమె వంగింది.

అతను హాయిగా స్తంభానికి ఆనుకున్నాడు. తర్వాతి స్తంభం దగ్గరా పట్టీ ఊడింది. ఆ తర్వాతా ఊడింది.

"ఎన్నిసార్లు ఊడుతుందే నీ చెప్పు?"

"జబ్బండీ," అంది ఆమె, వంగినది వంగినట్టే ఉండి. "పాపం, దానిదేం తప్పు?"