ఆ పేరులోని క్షయ

ముప్పై ఏళ్లు కాలేజీలో జీవశాస్త్రం చెప్పిన మనిషి, చేతిలో సుద్దముక్క లేక వేళ్లు నలుపుకుంటూ ఆసుపత్రి బల్ల మీద కూర్చున్నాడు. పక్కన కూతురు. హడావిడిలో మెడలో టేపు తీయకుండానే కుట్టుకొట్టు నుంచి వచ్చేసింది. రొమ్ము క్యాన్సర్‌తో పోయిన భార్య రక్తపరీక్షలో ఒక జన్యువు తప్పుగా ఉందని ఆఖర్లో తేలింది. అది కూతురికీ వచ్చిందో లేదో ఇవాళ చెబుతారు.

భయం దాచుకోవడానికి ఆయన పాఠం అందుకున్నాడు.

"కణం రెండు రకాలుగా విడిపోతుందమ్మా. సమవిభజనలో పుట్టిన రెండూ అచ్చం తల్లికణంలాగే ఉంటాయి. నువ్వు గుడ్డ పొరలుగా పరిచి ఒకేసారి కత్తిరిస్తావే, అలా. గాయం మానేది దానివల్లే."

"అమ్మకి గడ్డ పెరిగిందీ దానివల్లేగా?"

కుట్టు ఎక్కడ వదులైందో ఈ పిల్ల ఇట్టే పట్టేస్తుంది, అనుకున్నాడాయన.

"అవును. రెండోది క్షయకరణ విభజన..."

"పేరు వింటేనే దగ్గొస్తోంది నాన్నా! ఇంకో పేరు దొరకలేదా మీ పుస్తకాలవాళ్లకి?"

ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. "అందులో జన్యువుల జతలు విడిపోయి అండంలోకి సగమే వెళ్తాయి. అమ్మ దగ్గర ఆ జన్యువుకి రెండు ప్రతులు. ఒకటి మంచిది, ఒకటి చెడ్డది. నీకిచ్చింది ఒకటే."

"ఏది?"

నర్సు వచ్చింది. కూతురి మొహాన పడుతున్న ఎండకు పరదా లాగి, "రండమ్మా" అంది మెల్లగా. అందరిముందూ కేకేయనందుకు ఆయన మనసులో దణ్ణం పెట్టుకున్నాడు. మరుక్షణం, అంత మెత్తగా ఎందుకు పిలిచిందా అని గుండె జారింది.

లోపల డాక్టరమ్మ కాగితం వాళ్లవైపు తిప్పింది. "చెడ్డ ప్రతే వచ్చింది. జబ్బు ఉన్నట్టు కాదు, వచ్చే అవకాశం ఎక్కువని. ఏటా స్కాన్ తీద్దాం. వచ్చినా మొదట్లోనే పట్టుకుంటాం."

కూతురు ఏడవలేదు. టేపు కొసను వేలికి చుట్టి, విప్పి, మళ్లీ చుట్టింది.

"మరి బుజ్జిదానికో నాన్నా?"

ఆరేళ్ల మనవరాలు కళ్ల ముందు మెదిలింది.

"సగం అవకాశం. నీ దగ్గరా రెండు ప్రతులున్నాయి తల్లీ. ఒకటి నేనిచ్చింది, అది మంచిది. బుజ్జిదానికి నాదే వెళ్లి ఉండొచ్చు."

"విడదీసేది ఆ దగ్గు పేరుదేనా?"

"అదే."

"అయితే ఇంకెప్పుడూ దాన్నేమీ అననులే." గడియారం చూసి లేచింది. "బడి వదిలే వేళైంది, పద."

ఆయన లేవబోయాడు. కుర్చీ అంచు పట్టుకున్నాడు. కూతురే చెయ్యందించింది.