ఎదురుగాలికి ఒక డిస్కు

పద్నాలుగో డిస్కును అద్దాల బల్ల మీద బోర్లించి, నడిమధ్యన బొటనవేలితో నొక్కి వదిలింది ఆమె. అది టప్పుమని ఉబికి లేచింది. పెదవి విరిచి దాన్ని ఎడమపక్క దొంతరలో పెట్టింది. పదిహేనోది నొక్కితే చలించలేదు. పళ్ళెంలా చదునుగా, బిగువుగా ఉంది. దాని అంచు చుట్టూ చూపుడువేలితో తడిమి, అచ్చులోంచి తీసినప్పుడు మిగిలే గరుకు ఎక్కడా లేదని తేల్చుకుని కుడిపక్క పెట్టింది. కుడిపక్క దొంతర ఎప్పుడూ పొట్టిదే.

ఒకే అచ్చులో పోసినవన్నీ ఒక్కలాగే ఉంటాయని పెట్టె మీద రాసి ఉంటుంది. ఆమె ఆ మాట నమ్మదు. ఒక తల్లి కడుపున పుట్టినవాళ్ళు ఒక్కలాగే ఉంటారా, నేనూ మా తమ్ముడూ ఉన్నాం చూడండి అంటుంది. తమ్ముడు ఏడు నిమిషాలు కుదురుగా కూర్చోలేని మనిషి. ఆమె ఇరవై ఆరేళ్ళుగా ఒకే దుకాణంలో ఉంది.

ఆటసామాన్ల దుకాణంలో అందరూ ఆమెను డిస్కులక్క అంటారు. నలభై తొమ్మిదేళ్ళు. సన్నటి మనిషి, పొడుగు మెడ. చెవుల పక్క నెరిసిన వెంట్రుకలను రంగు వేయకుండా అలాగే వదిలేసింది. చేరిన కొత్తలో బూట్ల విభాగంలో ఉండేది. అప్పట్లో ఒక సంబంధం ఖాయమైంది. ఇంతలో నాన్న మంచానపడ్డాడు. ఆర్నెల్లు ఆగండి అని వీళ్ళన్నారు, వాళ్ళు ఆగారు. మరో ఆర్నెల్లు అన్నారు, ఆగలేకపోయారు. ఎవరినీ తప్పు పట్టేందుకు లేదు. నాన్న పోయాక అమ్మ, అమ్మ పోయాక ఇంట్లో రెండు కుర్చీల్లో ఒకటి ఖాళీ. ఖాళీ కుర్చీలో ఇస్త్రీ బట్టలు పెట్టడం అలవాటు చేసుకుంది.

పన్నెండేళ్ళ కిందట యజమాని ఎక్కడో చూసి మోజుపడి ఈ డిస్కులు తెప్పించాడు. పార్కులో చెట్ల మధ్య ఇనప బుట్టలు నిలబెడతారు. దూరం నుంచి డిస్కు విసిరితే బుట్టపైన వేలాడే గొలుసులకు తగిలి లోపల పడాలి. ఎంత తక్కువ విసుర్లలో పడితే అంత గొప్ప. ఆట అంతే. కానీ ఒక్కో డిస్కు ఒక్కో దారిన పోతుంది, ఏది ఎవరి చేతికి నప్పుతుందో చెప్పడం కష్టం. దుకాణంలో ఎవరూ ఆ అర దగ్గరికి రాలేదు. నెమ్మదైన మనిషి కదా అని ఆమెకు అంటగట్టారు.

తలుపు గంట మోగింది. పళ్ళ డాక్టరు లోపలికొచ్చాడు, వచ్చీరాగానే, "అన్నిటికన్నా స్పీడుగా పోయేది ఇవ్వండి," అన్నాడు.

"ఎవరికండీ?"

"నాకే!"

ఆమె ఆయన చేతివంక చూసింది. చిన్న చెయ్యి, పొట్టి వేళ్ళు. "స్పీడువాటికి అంచు వెడల్పుగా ఉంటుందండీ. మీ వేళ్ళు చుట్టూ తిరగవు. అది విసిరితే మీకంటే ముందు మీ భుజం ఇంటికి పోతుంది."

డాక్టరు నవ్వాడు. పావుగంట తర్వాత మధ్యరకం డిస్కుతో, పళ్ళమీద ఒక సలహా ఉచితంగా ఇచ్చి మరీ వెళ్ళాడు. బూట్ల విభాగం అమ్మాయి అటునుంచి, "అక్కా, వేగం అడిగినవాడికి తాబేలును అంటగట్టావు కదా!" అంది.

"తాబేలు కాదే, గుర్రబ్బండి," అంది ఆమె. గోడ గడియారం వైపు చూసింది. పదిన్నర. ఇవాళ గురువారం.

డిస్కులు కొనే ఒక బస్సు డ్రైవరుకు గురువారం సెలవు. ఒంటిగంటకు వస్తాడు, రెండింటికి వెళ్తాడు, ఆరేళ్ళుగా ఇదే. యాభై నాలుగేళ్ళ మనిషి. వెడల్పాటి ఒళ్ళు, మెడ తిప్పాల్సి వస్తే మొండెం మొత్తం తిప్పుతాడు. దుకాణం గుమ్మం దాటే ముందు కుడీఎడమా చూసుకోవడం ఆయన అలవాటు, లోపల లారీలేవో వస్తున్నట్టు. అది చూసినప్పుడల్లా ఆమెకు నవ్వొస్తుంది. ఆ నవ్వు దాచుకోవడానికి వంగి ఏదో వెతుకుతుంది.

మొదటిసారి వచ్చినప్పుడు కుడిభుజం పట్టుకుని నిలబడ్డాడు. స్టీరింగు తిప్పీ తిప్పీ కీలు బిగుసుకుపోయిందట. చేతిని ఛాతీకి అడ్డంగా తీసుకెళ్ళి విసిరే బ్యాక్‌హ్యాండ్ ఇక కుదరదని ఎముకల డాక్టరు చెప్పాడట. మోచెయ్యి నడుం పక్కనే ఉంచుకుని, మణికట్టు విదిలించి విసిరే ఫోర్‌హ్యాండ్ ఒక్కటే దారి. "దానికి ఎలాంటి డిస్కు కావాలండీ?" అని అడిగాడు. ఆమెకు తెలియదు. "తెలుసుకుని చెప్తాను, వచ్చే గురువారం రండి," అంది.

ఆ వారం ఒక డిస్కు కొనుక్కుని, పొద్దున్నే ఇంటి దగ్గరి బడి మైదానానికి వెళ్ళింది. చూపుడువేలూ మధ్యవేలూ అంచు లోపలికి ఆనించి, బొటనవేలు పైన బిగించి, మణికట్టు విదిలించింది. డిస్కు వణుక్కుంటూ లేచి, గాల్లోనే బోల్తాపడి, నేలమీద దొర్లుకుంటూ పోయి గోడకు కొట్టుకుంది. నాలుగు రోజులు అదే తంతు. ఐదోరోజుకు సంగతి అర్థమైంది. ఫోర్‌హ్యాండ్‌లో బలమంతా ఒక్క విదిలింపులో పడుతుంది. ఆ వణుకుకు మెతక డిస్కు తట్టుకోలేదు. మొండిది కావాలి, తిప్పినా తిరగనని భీష్మించుకునేది. అంచు లోతు తక్కువైతే వేళ్ళు కుదురుగా ఇముడుతాయి. గట్టి ప్లాస్టిక్ అయితే వేలి కింద వంగదు. గురువారం ఈ మాటలే చెప్పింది. ఎలా తెలుసుకుందో చెప్పలేదు. మొండివి, మెతకవి అన్న పేర్లు ఆమె పెట్టినవే. ఇప్పుడు పార్కులో అందరూ అలాగే అంటారు.

పొద్దుటి విసుర్లు మాత్రం మానలేదు. మైదానంలో ఒక్కతే నిలబడి విసురుతున్నప్పుడు, పక్కన ఒక మనిషి నిలబడి డిస్కు పోయినంత దూరమూ చూస్తున్నట్టు ఊహించుకునేది. ఆ మనిషి మెడ ఒక్కటే తిప్పలేడు.

పదకొండు కాకముందే డ్రైవరు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. కుడీఎడమా చూడలేదు, తిన్నగా వచ్చేశాడు.

"ఇవాళ తొందరగా వచ్చారే," అంది ఆమె.

"పనుందండీ." అర ముందు కాసేపు నిలబడ్డాడు. "ఎదురుగాలి బాగా ఉంటే ఏది వాడాలంటారు?"

"ఎంత గాలి?"

"గొడుగు తిరగబడేంత. సముద్రపు గాలి అనుకోండి."

"మన పార్కులోకి సముద్రం ఎప్పుడొచ్చింది?"

ఆయన నవ్వలేదు. చేతిలోని డిస్కును వేలిమీద తిప్పుతూ, "అనుకోమన్నాను కదండీ," అన్నాడు.

ఆమె అడగలేదు. చేతిలో పని ఉన్నప్పుడు నోరు మూసుకోవడం ఆమెకు సుఖం. కుడిపక్క దొంతరలోంచి ఒక్కొక్కటే తీసి అరచేతిలో తూచింది. ఎదురుగాలిలో ఎంతటి మొండి డిస్కయినా కాస్త మెతకబడుతుంది. కాబట్టి మామూలుకన్నా మొండిది, బరువైనది కావాలి. ఆయన వేళ్ళు లావు, అంచు కొంచెం వెడల్పున్నా ఫర్వాలేదు. పైభాగం ఉబ్బుగా ఉంటే గాలి కిందనుంచి ఎత్తేస్తుంది, చదునుగా ఉండాలి. మూడు తేలాయి: ఒకటి పసుపుది, ఒకటి తెల్లది, ఒకటి ఇటుకరంగుది.

దుకాణం వెనక ఖాళీ స్థలం ఉంది. చుట్టూ తీగకంచె, చివర దీపస్తంభం. కొనేముందు అక్కడ విసిరి చూసుకోవచ్చు. బల్ల చూస్తుండమని బూట్ల అమ్మాయికి చెప్పి ఆమె వెనక తలుపు తీసింది. రాత్రి వాన పడింది, గడ్డి ఇంకా తడిగా ఉంది. గాలి ఎదురుగానే వీస్తోంది.

పసుపుది విసిరాడు. బాగానే లేచింది, సగందారిలో ఎడమకు తిరిగి బోర్లాపడింది. "ఇది పైకి మొండి, లోపల మెతక," అంది ఆమె. తెల్లది తిన్నగా పోయింది గానీ వదిలేటప్పుడు వేలు జారింది. రెండూ ఏరుకొచ్చి చేతిరుమాలుతో తుడిచి, దాన్ని కంచె మీద వేశాడు. ఇటుకరంగుది చేతిలోకి తీసుకుని విసరబోయి ఆగాడు. దాన్ని ఆమెవైపు చాపాడు.

"ఇది మీరు విసరండి."

"నేనా? నేను అమ్మేదాన్ని."

"మీ మధ్యవేలి మీద ఆ కాయ డిస్కులు అమ్మితే కాసింది కాదు లెండి."

ఆమె చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది. చెవులు వేడెక్కాయి. "ఎప్పుడు చూశారు?"

"చాన్నాళ్ళయింది. మీరే చెప్తారని ఊరుకున్నాను."

ఆమె డిస్కు అందుకుంది. చెప్పులు విడిచింది. రెండడుగులు పక్కవాటుగా వేసి, మోచెయ్యి నడుముకు ఆనించి, మణికట్టు విదిలించింది. డిస్కు వణకలేదు. గాలిని కోసుకుంటూ నేలకు ఛాతీ ఎత్తున తిన్నగా పోయింది, గాలి లేపబోతే లేవలేదు, పక్కకు నెట్టబోతే కదల్లేదు. ఆఖరున, తన ఇష్టం మీదే అన్నట్టు, కుడికి వాలి దీపస్తంభం పక్కన దిగింది. డ్రైవరు మొండెం మొత్తం తిప్పి అది పోయినంత దూరమూ చూశాడు.

"ఎన్నాళ్ళనుంచి?" అన్నాడు.

"ఆరేళ్ళు."

ఆయన వెళ్ళి డిస్కు తెచ్చాడు. వచ్చి, దాని మీది తడి చూస్తూ చెప్పాడు. "మా అమ్మాయి ఉండే ఊరికి బదిలీ అడిగానండీ, ఇచ్చారు. సముద్రం ఒడ్డున. కవలలు పుట్టారు, అల్లుడికి రాత్రి డ్యూటీలు. ఇద్దర్నీ ఒక్కతే ఎత్తుకోలేకపోతోంది. మా ఆవిడ ఉంటే వేరు. ఆవిడ పోయి ఎనిమిదేళ్ళాయె."

"ప్రయాణం ఎప్పుడు?"

"ఇవాళే. నాలుగింటి బస్సుకు. ముప్పై ఏళ్ళు నడిపాను, ఇవాళ వెనక సీట్లో కూర్చుని పోవాలి."

"మంచిది కదండీ. పసిపిల్లలు," అంది ఆమె. ఆ మాట తన నోట్లోంచే వచ్చింది గానీ ఎవరో పక్కింటావిడ అన్నట్టుంది.

"సామాను సర్దుతుంటే లెక్కపెట్టాను," అన్నాడు డ్రైవరు. "ఇరవై ఆరు డిస్కులున్నాయి. నేను విసిరేవి నాలుగు." అని ఆగి, "తక్కినవన్నీ ఇక్కడికి ఊరికే రావడానికి మొహం చెల్లక కొన్నవి," అన్నాడు.

ఆమె చెప్పులు తొడుక్కుంటోంది. ఎడమది కుడికాలికి తొడిగి మళ్ళీ విప్పింది. ఏదైనా అనాలి. ఇన్నేళ్ళు పొద్దున్నే మైదానంలో ఆ ఊహామనిషితో ఎన్ని మాటలాడింది! ఇప్పుడు మాత్రం చెప్పులు సరిగ్గా తొడుక్కుని, "సముద్రం దగ్గర చెయ్యి తడిగా ఉంటుంది. వేలు జారకుండా చూసుకోండి," అంది.

"అలాగే."

లోపలికొచ్చారు. పార్కులో పోయిన డిస్కు దొరికినవాళ్ళు ఫోన్ చేసేందుకు వీలుగా లోపలివైపు సొంతదారు నంబరు రాయడం మామూలు. ఆ రాత పని ఎప్పుడూ ఆమెదే, చేతిరాత గుండ్రంగా ఉంటుందని. ఆయన నంబరు ఆమెకు కంఠతా వచ్చు. సొరుగులోంచి నల్ల మార్కరు తీసింది. ఇటుకరంగు డిస్కును వెల్లకిలా పెట్టి, తల ఎత్తకుండా పది అంకెలూ రాసింది. ఆరేదాకా నోటితో ఊదింది. ఇచ్చింది.

డ్రైవరు చూసుకున్నాడు. కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చూశాడు.

"ఈ నంబరు నాది కాదండీ."

"నాది," అంది ఆమె. మార్కరుకు మూత పెట్టింది. "పోతే నాకు ఫోన్ వస్తుంది."

ఆయన బొటనవేలు అంకెల మీద అటునుంచి ఇటు మెల్లగా పోయింది, గుడ్డివాళ్ళు చదువుకున్నట్టు. డిస్కును ఇస్త్రీ చొక్కాకు ఆనించి పట్టుకున్నాడు. ముఖం ఎర్రబడింది. ఎంతో గట్టి మాట ఇస్తున్న మనిషిలా నిటారుగా నిలబడి, "పోనివ్వనండీ," అన్నాడు. "దీన్ని మాత్రం ప్రాణంపోయినా పోనివ్వను."

పోనివ్వండి, ఒక్కసారి పోనివ్వండి అని ఆమెకు అరవాలనిపించింది. తల ఊపింది.

గుమ్మం దాటే ముందు ఆయన కుడీఎడమా చూసుకున్నాడు. ఆమె వంగలేదు, ఏదీ వెతకలేదు. అద్దంలోంచి వీధి మలుపుదాకా చూసింది.

మధ్యాహ్నం ఒక దంపతులకు రెండు డిస్కులు అమ్మింది. భార్యకు బరువైనది, భర్తకు తేలికైనది. ఆయన నొచ్చుకుంటే సముదాయించింది. తమ్ముడు ఫోన్ చేసి ఆదివారం రమ్మన్నాడు, సరేనంది. నాలుగు గంటలప్పుడు చేతిలో డిస్కు ఉంది. దాన్ని నొక్కిన బొటనవేలు చాలాసేపు తియ్యలేదు. "అక్కా, ఏమైంది?" అని బూట్ల అమ్మాయి అడిగితే, "ఇది మంచిదే," అని కుడిపక్క పెట్టింది.

ఆ తర్వాత చాలా గురువారాలు వచ్చాయి. కొత్త నంబర్లనుంచి ఫోన్ మోగినప్పుడల్లా రెండోసారి మోగకముందే ఎత్తేది. బ్యాంకువాళ్ళో, దారి తప్పినవాళ్ళో. ఆ ఫోన్ రాలేదు. డ్రైవరు మాట నిలబెట్టుకునే మనిషి.

ఆయన వెళ్ళిన సాయంత్రం మాత్రం అవేవీ ఇంకా తెలియకుండానే ఆమె వెనక తలుపు గడియ వేయడానికి వెళ్ళింది. గాలి పడిపోయింది. తీగకంచె మీద ఆయన డిస్కులు తుడుచుకున్న చేతిరుమాలు వేలాడుతోంది; మూడొంతులు ఆరి గట్టిపడింది, ఒక మూల మాత్రం ఇంకా తడిగా, బురద అంటిన రెండు వేళ్ళ గుర్తులతో ఉంది.