కెరటం ఇక లేడు

బందరులో శామ్యూల్ రాజ్‌ని డ్రాయింగు మాష్టారని పిలిచేవాళ్ళున్నారు, జెనిఫర్ తమ్ముడని పిలిచేవాళ్ళున్నారు. రచయిత అని పిలిచినవాడు మాత్రం ఒక్కడూ లేడు. ఆ ఒక్క మాట కోసం అతను నాలుగేళ్ళుగా కళ్ళు పోగొట్టుకుంటున్నాడు. పగలు ఓ ప్రైవేటు బళ్ళో పిల్లల చేత మామిడిపండూ జాతీయ జెండా గీయిస్తాడు, సాయంత్రం ఇంటికొచ్చి బొమ్మల కథ గీస్తాడు. ఆ కథలో వీరుడి పేరు కెరటం. నీలం ముసుగు, నీలం చొక్కా. కృష్ణలో ఎవరు మునిగినా ఎక్కణ్ణుంచో లేచివచ్చి ఒడ్డున పడేస్తాడు. నెలకో పుస్తకం, అచ్చు గుడివాడలో.

గుడివాడ ప్రెస్సు జగన్మోహనరావుది. శుభలేఖలూ ఫ్లెక్సీలూ అతనికి అన్నం పెడతాయి. సూపర్‌హీరో పుస్తకం మన దగ్గర అచ్చయిందంటే పదిమందిలో గొప్పగా ఉంటుందని మొదట్లో ముచ్చటపడ్డాడు. మొదటి సంచిక బస్టాండు కొట్లలో బాగానే పోయింది. కొత్తొక వింత కదా. రెండోది సగం పోయింది. మూడోదాన్ని కొట్టువాళ్ళు మొహమాటానికి తీసుకుని గుట్కా దండల వెనక దాచారు. చేతిలో ఫోను ఉండగా పేజీ తిప్పే ఓపిక ఏ పిల్లవాడికుంటుంది? కొన్నదల్లా తల్లులే, పిల్లలకి తెలుగు చదవడం వస్తుందని. ఆ సంగతి పిల్లలు పసిగట్టేశారు. పాఠం వాసన తగిలిన చోట పిల్లవాడు నిలుస్తాడా?

పాఠకుల్ని పట్టుకోవడానికి వీళ్ళు పడని పాట్లు లేవు. కెరటానికి ఎగరడం నేర్పారు. ఈత వచ్చినవాడికి రెక్కలెందుకండీ అని ఎవరో ఫోను చేసి అడిగారు. పెడన అద్దకం డిజైనుతో భుజాల మీంచి వేలాడే గుడ్డ తగిలించారు. అద్దకంవాళ్ళు పుస్తకం తిరగేసి మెచ్చుకున్నారు, కొనకుండా ఇచ్చేశారు. కథ ఆపేసి మళ్ళీ ఒకటో సంచిక అంటూ మొదలెట్టారు. అలా ఒకటో సంచిక మూడుసార్లు వచ్చింది. తన దగ్గరున్నది ఏ ఒకటో తెలియక పాత పాఠకుడు మానేశాడు, కొత్తవాడు రానే లేదు. ఉన్నదీ పోయింది, ఉంచుకున్నదీ పోయింది.

నిజానికి కెరటం గాలిలోంచి పుట్టినవాడు కాదు. శామ్యూల్ రాజ్ అక్క జెనిఫర్ మొగుడు శ్యాంబాబు నాగాయలంకలో గజ ఈతగాడు. దివిసీమలో నదిలో గానీ కాలవలో గానీ మనిషి పడ్డాడంటే పోలీసులు సైతం అతనికే ఫోను చేస్తారు. నడుముకో తాడు, చంకలో లారీ ట్యూబు, అవే అతని ఆయుధాలు. అతని చేతికి దొరికేవి ఎక్కువగా శవాలే. అప్పుడప్పుడూ ప్రాణమున్న మనిషి దొరికేవాడు. కెరటం ముసుగు తీస్తే కనిపించేది శ్యాంబాబు మొహమే, ఆ చప్పిడి ముక్కూ, కనుబొమ్మ మీది గాటూ. పుస్తకం కొననివాళ్ళు కూడా అతన్ని కెరటం శ్యాంబాబు అనసాగారు. అతనికది సరదాగానే ఉండేది. కానీ బావమరిది ఇచ్చిన ప్రతి పుస్తకాన్నీ బొమ్మలు చూసి పక్కన పెట్టేసేవాడు తప్ప ఒక్క ముక్క చదివేవాడు కాదు. అది శామ్యూల్ రాజ్‌కి ముల్లులా గుచ్చుకునేది.

ఈ ఏడు వానలు మొదలయ్యాక జగన్మోహనరావు కబురుపెట్టాడు. ఎవడూ చదవని పుస్తకానికి కాగితం తగలెయ్యడం ఇక తన వల్ల కాదన్నాడు. శామ్యూల్ రాజ్ పరుగున గుడివాడ వెళ్ళాడు. పుస్తకం ఆగితే తను ఉత్త డ్రాయింగు మాష్టారు, బతికినన్నాళ్ళూ మామిడిపండే. ఆఖరిసారి ఒక్క అవకాశం ఇమ్మని బతిమాలాడు. జగన్మోహనరావు కాసేపు గెడ్డం గోక్కున్నాడు.

"అయితే చంపేద్దామండీ మాష్టారూ."

"ఎవర్నండీ?"

"కెరటాన్ని. బతికున్నోణ్ణి ఎవడూ పట్టించుకోవట్లేదు. పోయాడంటే ఊరు ఊరంతా కదుల్తది. చూడండి, నా ఫ్లెక్సీలన్నీ పోయినోళ్ళవే."

శామ్యూల్ రాజ్ మర్యాదకి రెండుసార్లు వద్దన్నాడు. ఇంటికెళ్ళి కూర్చుంటే చావు పేజీలు చేయి తిరిగినట్టు వచ్చేశాయి. వరద నీళ్ళలో ముసుగు ఊడిపోయి బావ మొహం తేలే పేజీని అతను మూడుసార్లు మళ్ళీ మళ్ళీ గీశాడు. బాగా రాలేదని కాదు, గీస్తుంటే బాగుందని.

ఆ పుస్తకం ప్రచారానికి జగన్మోహనరావు ఫ్లెక్సీ తయారుచేయించాడు. వెనక మంటలు, ముందు ముసుగులో కెరటం, పైన "వీరమరణం పొందిన కెరటానికి అశ్రునివాళి" అని ఎర్రక్షరాలు. చూసినవాడెవడైనా ఇదేదో సినిమాదో పుస్తకానిదో అనుకుని పక్కకి తిరిగిపోయే సరుకు. అలాగే వదిలేస్తే ఎంత బాగుండేది. కానీ శామ్యూల్ రాజ్‌లో కళాకారుడు ఊరుకోలేదు. మా చర్చివాళ్ళు పోతే ఇలా రాయరండీ అని కుర్చీ లాక్కుని కంప్యూటరు ముందు తనే కూర్చున్నాడు. మంటలు తీసేశాడు. వెనకంతా తెలుపు, మూలలకి రెండు పావురాలు, కింద వెలుగుతున్న కొవ్వొత్తి పెట్టాడు. ముసుగు కూడా తీసేశాడు. "కెరటం శ్యాం ప్రభువునందు నిద్రించెను" అని రాశాడు. దాని కింద "ఆదరణ కూడిక, ఆదివారం ఉదయం" అని పెట్టాడు. సమాధి చేశాక అయినవాళ్ళు చేరి ఇంటివాళ్ళని ఓదార్చే కూటమది. ఆదివారమే పుస్తకం విడుదల. ఆ విషయం మాత్రం అట్టడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది.

"నిజంగా పోయినట్టే ఉందండీ," అన్నాడు జగన్మోహనరావు. నాలుగేళ్ళలో శామ్యూల్ రాజ్ రాతకి అందిన మొదటి మెప్పు అదే. అతను పొంగిపోయాడు.

మంగళవారానికల్లా మోపిదేవి, అవనిగడ్డ, నాగాయలంక సెంటర్లలో ఫ్లెక్సీలు లేచాయి. నాగాయలంకలో గొడవేం లేదు, శ్యాంబాబు ఆ ఫ్లెక్సీ కిందే నిలబడి టీ తాగుతుంటే జనం నవ్వుకున్నారు. ఘంటసాల నుంచి వచ్చిన చుట్టాలకి మాత్రం ఆ నవ్వు అందలేదు. ఏడ్చుకుంటూ ఆటో దిగి, తలుపు తీసిన శ్యాంబాబుని చూసి గుమ్మంలోనే కూలబడ్డారు. ఆ సాయంత్రం జెనిఫర్ ఫోను చేసింది.

"దాన్ని తీయించరా. బతికున్న మనిషిని ప్రభువునందు నిద్రించాడని రాయడానికి నీకు చేతులెలా వచ్చినియ్యి?"

"ఆదివారం దాకా ఓర్చుకో అక్కా. ఈ అవకాశం పోయిందా, ఇక పుస్తకమే ఉండదు."

శ్యాంబాబు ఫోను లాక్కుని, పోనీలేరా, నేను పోతే ఏడ్చేది ఎవరో తెలిసింది అని నవ్వాడు. అన్న మాటలో కోపం లేదు గనక శామ్యూల్ రాజ్ దాన్ని అనుమతి కింద జమకట్టుకున్నాడు. మనిషికి కావాలంటే మౌనంలోనూ అనుమతి దొరుకుతుంది, ఇక్కడ నవ్వే దొరికింది.

ఎగువన బ్యారేజీ గేట్లెత్తారు. శుక్రవారం మధ్యాహ్నానికి కృష్ణ ఎర్రగా పొంగి లంకల మీదికి వచ్చేసింది. మోపిదేవి అవతల లంకలో అరటితోట చేసుకునే పిచ్చేశ్వరరావు మోటారు విప్పి తెచ్చుకుందామని వెళ్ళాడు. బోల్టులు ఊడదీసేలోపు నీళ్ళు రొమ్ముదాకా వచ్చాయి. కరెంటు స్తంభాన్ని వాటేసుకుని అరిచాడు. కరకట్ట మీద వందమంది పోగయ్యారు. పడవ వేయడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు, ఆఫీసర్ల పడవ ఇంకో లంకలో ఉంది. వందమందిలో సగంమంది ఫోన్లెత్తి వీడియో తీస్తున్నారు. కెరటం శ్యాంబాబు అయితే తాడుతో వెళ్ళి తెచ్చేవాడురా అన్నారొకరు. పాపం మొన్నే పోయాడంట, సెంటర్లో ఫ్లెక్సీ చూళ్ళేదా అన్నారింకొకరు. ఆ పోయిన శ్యాంబాబు ఆ వేళకి నాగాయలంకలో ఇంటి అరుగు మీద పడుకుని ఉన్నాడు. బండి మీద అరగంట దారి.

పిచ్చేశ్వరరావు చాలాసేపు పట్టుకుని ఉన్నాడు. ఒడ్డున ఉన్న పెళ్ళాన్ని పేరుపెట్టి పిలిచాడు. తర్వాత మాట్లాడలేదు. తర్వాత స్తంభం ఒక్కటే కనిపించింది.

అతను కొట్టుకుపోయాక, నాగాయలంకవాళ్ళెవరో ఆ వీడియో శ్యాంబాబుకి పంపారు. శ్యాంబాబు తాడూ ట్యూబూ తీసుకుని పరుగున వచ్చాడు. కట్ట మీది జనం అతన్ని చూసి రెండడుగులు వెనక్కి జరిగారు. ఓ ముసలాయన దణ్ణం పెట్టాడు. శ్యాంబాబు నడుముకి తాడు కట్టుకుని నీళ్ళలోకి దిగాడు. చీకటి పడకముందే పిచ్చేశ్వరరావుని తుమ్మచెట్ల దగ్గర దొరకబుచ్చుకుని మోసుకొచ్చి కట్ట మీద పడుకోబెట్టాడు. శవాలు తీయడం అతనికి కొత్త కాదు. ఆ రోజు మాత్రం ఒడ్డునే కూర్చుని వాంతి చేసుకున్నాడు.

చనిపోయాడనుకున్న ఈతగాడు బతికే ఉన్నాడు, ఏదో పుస్తకం ఫ్లెక్సీ వల్ల ఇంకొకడు చచ్చిపోయాడు అన్న కబురు శనివారానికి దివిసీమంతా పాకింది. ఆదివారం పొద్దున అవనిగడ్డ సెంటర్లో పుస్తకాల కట్ట విప్పుతుండగానే జనం మీదపడ్డారు. ఇదేనంట ఆ పుస్తకం అని ఒక్కొక్కరు రెండేసి కొన్నారు. శామ్యూల్ రాజ్ కొట్టు పక్కన నిలబడి చూస్తున్నాడు. ఎవరైనా గుర్తుపడతారేమోనని జేబురుమాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అయినా ఒక అపరిచితుడు, పంచె కట్టుకున్న పెద్దమనిషి, ఎండలో నిలబడి తన పేజీ తిప్పి మళ్ళీ వెనక్కి తిప్పి చదువుకుంటుంటే ఒళ్ళు పులకరించింది. ఆ పులకరింతకి సిగ్గుపడ్డాడు. సిగ్గుపడ్డా అది పోలేదు.

అప్పుడు శ్యాంబాబు బండి వచ్చి ఆగింది. ఎక్కమన్నాడు, ఎక్కాడు.  పిచ్చేశ్వరరావు ఇంటి ముందు షామియానా, కుర్చీలు, తలలు వంచుకున్న మనుషులు. లోపల గోడకి చేరగిలబడి అతని భార్య సరోజిని కూర్చుని ఉంది.

"ఆ ఫ్లెక్సీ రాసింది వీడేనమ్మా," అన్నాడు శ్యాంబాబు.

తిడుతుందని శామ్యూల్ రాజ్ అనుకున్నాడు. కొట్టినా పడదామనుకున్నాడు. సరోజిని తలెత్తి అతన్ని చూసింది. కుర్చీ వేయమని ఎవరితోనో అంది.

"మీరేనాండీ. బాగా రాశారండి. చదివి నేను నమ్మాను," అంది. అతను కూర్చున్నాక మళ్ళీ చెప్పింది. "ఫోను నా చేతిలోనే ఉందండి. ఈయన గారి నంబరు మావారే ఎక్కించిపెట్టారు, లంకలో తిరిగేవాళ్ళం కదా, ఎప్పుడైనా పనికొస్తదని. ఈయన లేకపోయినా వాళ్ళావిడ ఫోనెత్తుతదేమో, ఇంకో ఈతగాడెవరన్నా ఉన్నారేమో అడుగుదామని నంబరు తీశాను. నొక్కబోయి ఆగిపోయానండి. ఆవిడ మొగుడు పోయి వారం కూడా కాలేదు. పుట్టెడు దుఃఖంలో ఉన్న మనిషికి ఫోను చేసి మన గోల చెప్పుకుంటామా అని."

కృష్ణా జిల్లా మర్యాద అది. మొగుడు నీళ్ళలో తన పేరు పెట్టి పిలుస్తుంటే, ముక్కూ మొహం తెలియని ఆడదాని దుఃఖానికి అడ్డు రాకూడదని ఆగిపోయింది. జెనిఫర్ ఆ వేళ వాకిట్లో బట్టలు ఆరేసుకుంటోంది.

 క్షమించమన్నాడో లేదో శామ్యూల్ రాజ్‌కే తెలియదు, పెదాలైతే కదిలాయి. లేచి, అలవాటు కొద్దీ "వెళ్ళొస్తానండీ" అన్నాడు. చావింట్లో అనకూడని మాట అది. మళ్ళీ రావడానికి ఆ ఇంట్లో ఏం కావాలి? పక్కనున్న పెద్దావిడ చురుక్కున చూసింది. సరోజిని మాత్రం అలాగేనండీ అని తలూపింది.

తిరుగుదారిలో, కరకట్ట మీద, శామ్యూల్ రాజ్ జేబులో ఫోను మోగింది. జగన్మోహనరావు గొంతు సంతోషంతో తడబడుతోంది. కాపీలన్నీ అయిపోయాయనీ, మోపిదేవి నుంచీ బందరు నుంచీ, ఎన్నడూ లేనిది ఉయ్యూరు నుంచి కూడా అడుగుతున్నారనీ, ఆ పోయినాయన విషయం తనకీ బాధగానే ఉందనీ ఊపిరాడకుండా చెప్పాడు. మళ్ళీ అచ్చు వెయ్యమంటారా అని అడిగాడు.

"వెయ్యండి," అన్నాడు శామ్యూల్ రాజ్.

ఆలోచించి అన్న మాట కాదు. నాలుగేళ్ళుగా నోట్లో సిద్ధంగా ఉన్న మాట, అడగ్గానే బయటికొచ్చింది.

శ్యాంబాబు బండి ఆపాడు. వెనక్కి తిరగలేదు.

"దిగరా," అన్నాడు.

దిగాడు. బండి వెళ్ళిపోయింది. ఇక అక్క గుమ్మం కూడా తొక్కలేనని శామ్యూల్ రాజ్‌కి తెలుసు. ఏడుపు వచ్చింది, కట్ట మీద నడుస్తూ కాసేపు ఏడ్చాడు కూడా. అలా ఏడుస్తూండగానే, అతను పిలవకుండానే, వచ్చే నెల పుస్తకం మొదటి పేజీ కళ్ళ ముందు కట్టింది. వరద కట్ట మీద ఒక ఆడమనిషి, చేతిలో ఫోను, నంబరు మీదికి వెళ్ళి ఆగిపోయిన వేలు. పేజీ అంతా ఆ వేలే ఉండాలి. తన మీద తనకి అసహ్యం వేసింది. ఆ వేలికి గోరింటాకు పెడితే బాగుంటుందా, వద్దా అని ఆలోచిస్తూ మోపిదేవి దాకా నడిచాడు.