జింక ముట్టని తోట

“ఈ ఇంట్ల కోడలు తోట పెట్టిందంటే జింకలకు పెండ్లి భోజనమే” అన్నది నర్సింగమ్మ, మొదలుదాకా కొరికేసిన అలసంద తీగల్ని చూసి. అమృతమ్మ కాపురానికి వచ్చిన మొదటి ఏడు మాట అది. అత్త ఆ మాట అని అక్కడితో ఊరుకోలేదు. బావి దగ్గర చెప్పింది, చాకలి బీరమ్మకు చెప్పింది, కొడుకు కాటమయ్య అన్నం తింటుంటే మళ్ళీ చెప్పింది. ఆకలి జింకలది, కావలి కాయనిది మగవాళ్ళు, నవ్వు మాత్రం కోడలి మీద. లోకంలో చాలా లెక్కలు ఇట్లాగే తేలుతాయి.

ఊరు అచ్చంపేట పైన, అడవి అంచున ఉంది. వాళ్ళ ఇంటి వెనక వాలంతా దొర తన షికారు కోసం అట్టిపెట్టుకున్న జాగా. అక్కడ తిరిగే జింకలూ దుప్పులూ దొరవే. వాటిని అదిలించే హక్కు కూడా ఊరికి లేదు. ఒకసారి ఊరి రైతు చెన్నయ్య వడిసెలతో రాయి విసిరితే ఒక జింక కుంటింది. దొర మనుషులు చెన్నయ్యను దొర ఉండే గడి ముందు ఎండలో వంచి, వీపు మీద బండ ఎత్తారు. జింక కాలు తొందరగానే బాగైంది. చెన్నయ్య నడుము మాత్రం మళ్ళీ నిటారు కాలేదు.

రాయి వేయరాదు. తోట ఇంటి వెనక ఆ వాలు మీదే, దొర జాగాలోనే గనక, కంచె కడితే దొర మనుషుల కంట్లో పడుతుంది. ఆడది మంచె ఎక్కి కూర్చుంటే ఊరు నవ్వుతుంది. ఇక మిగిలిన దారి ఒక్కటే, జింకకు గిట్టనిది వెతికి పెట్టడం. అమృతమ్మ ఆ పని మీద పడింది. పొద్దున్నే వెళ్ళి జింకలు ఏది కొరికాయో, ఏది వాసన చూసి వదిలాయో చూసేది. వాము వాసన జింకకు పడదు. ఆముదం దగ్గరికి రాదు. కంద ఆకు ఒకసారి నమిలి తల విదిలించుకుని పోయిన జింక మళ్ళీ అటు చూడలేదు. మిరప లేతగా ఉన్నప్పుడు కొరికాయి గనక, దాన్ని వాము మళ్ళ నడుమ దాచింది. చుట్టూ కుసుమ చల్లింది. కుసుమ ముదిరి ముళ్ళు గట్టిపడితే మనిషికే చెయ్యి పెట్టబుద్ధి కాదు, ఇక జింక మూతి ఎట్లా పెడుతుంది? మధ్యలో ఉన్న రేగు కంప మీదికి కాకర తీగ పాకించింది. ఆడది నాగలి ముడితే వాన వెనక్కి పోతుందని ఊరి నమ్మకం, అందుకని ఆ నేలంతా గడ్డపారతోనే తవ్వింది. ఇంటిపని ముగించుకుని, అలిసిన చేతులతోనే రాళ్ళు ఏరింది.

తీరా చూస్తే అది తోటలా లేదు. ముళ్ళూ, కంపా, అడ్డదిడ్డంగా ఆముదపు చెట్లూ. దొర మనుషులు గుర్రాల మీద పక్కనుంచే పోయి కూడా గుర్తుపట్టలేదు. ఆ రోజు అమృతమ్మకు లోలోపల ఎంత నవ్వొచ్చిందో! ఆ నవ్వు పంచుకోవడానికి మాత్రం ఇంట్లో ఎవరూ లేరు. అత్తకు ఆ తోట కూరలు నచ్చవు. “చేదు, కారం, దురద. నీ తోట నీ నోరు లెక్కనే ఉంది” అనేది. అంటూనే చింతపండు పులుసులో ఉడికిన కందముక్కలు ఇంకో రెండు వేయించుకునేది. ఇంట్లో కూర ఆ తోటదే, కారం ఆ తోటదే, పొయ్యి మీది కుసుమ నూనె, దీపంలోని ఆముదం, అన్నీ ఆ తోటవే.

ఇంతలో నల్లగొండ దిక్కు నుంచి, దొరల మీద తిరగబడ్డ సంగం వచ్చింది. కాటమయ్య అందులో కలిశాడు, మంచి మాటకారి గనక త్వరగానే పేరూ వచ్చింది. దొర రజాకార్లను కావలి పెట్టుకుని పట్నం పారిపోయాడు. గడి తలుపులు తెరుచుకున్నాయి. కాటమయ్య ఇంటి అరుగు మీద సభలు జరుగుతుంటే, లోపల రొట్టెలు కొడుతూ అమృతమ్మ ప్రతి మాటా వినేది. ఎవరి చెమట పడితే వాళ్ళదే భూమి అన్నాడు మొగుడు ఒకనాడు, గొంతెత్తి. ఆమె చేతిలో పిండి ముద్ద అట్లాగే ఆగిపోయింది. తన గురించే అన్నట్టు అనిపించి సంతోషం పట్టలేకపోయింది. ఇక ఆ తోటను దాచుకోనక్కర్లేదు, అది నాది అని పగటి వెలుతురులో చెప్పుకోవచ్చు అనుకుంది. ఆడదానికి ఆశ పుట్టడానికి ఎంత చిన్న మాట సరిపోతుందో చూడండి.

దొర భూములు పంచడానికి సంగం ఒక పద్ధతి పెట్టుకుంది. నాగలి పడ్డ నేల ఆ నాగలి పట్టినవాడిది. నాగలి పడనిది బీడు, అది లేనివాళ్ళకు. ఒక పొద్దున మగవాళ్ళంతా వాలు మీదికి వచ్చారు. అమృతమ్మ నీళ్ళ కడవతో తోట అంచునే ఉంది.

“గిదంత బీడేనా, కాటమన్నా?” అని అడిగాడు సంగం పెద్ద ఎల్లస్వామి.

“బీడే. నాగలి పడలే. మా ఇంటెనకదే అయినా నాకొద్దు. జానయ్యకియ్యుండ్రి. ఆయనకు కాలు పెట్ట జాగ లేదు.”

చప్పట్లు కొట్టారు. కాటమన్న అంటే కాటమన్నే, మొదలు తన ఇంటెనక జాగే ఇచ్చిండు అన్నారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని సామెత. ఇక్కడ దానం మొగుడు చేశాడు, సొమ్ము పెండ్లాం రెక్కలది.

“గది బీడు గాదు” అంది అమృతమ్మ. “నా తోట.”

ఎల్లస్వామి నవ్వాడు. చెడ్డవాడు కాదు, తెలియక నవ్వాడు. “జింక సుత ముట్టని దాన్ని తోట అంటవా, వదినె?”

అందరూ నవ్వారు. కాటమయ్య వాళ్ళకంటే గట్టిగా నవ్వాడు. ఇంటికొచ్చాక మాత్రం అతని మొహం మారింది. “పదిమందిల నా ఇజ్జతి తీస్తవా? నాలుగు పిచ్చి చెట్ల కోసం పేదోని కడుపు కొడ్తవానే? జానయ్య రేపు నాగలి కడ్తడు. మళ్ళ నోరు లేసిందంటే బాగుండదు.”

ఆ రోజంతా ఆమెకు కాలు ఒకచోట నిలవలేదు. ఊడ్చిన వాకిలే మళ్ళీ ఊడ్చింది, కడిగిన కుండే మళ్ళీ కడిగింది. పేదోని కడుపు అన్న మాట ఆమెను వదల్లేదు. జానయ్య నిజంగానే లేనివాడు, అతని మీద ఆమెకు కోపం లేదు. కానీ వాలంతా దొరదే కదా, పక్కన అంత జాగా ఖాళీగా పడుందే! త్యాగం చేయాలనుకున్నవాడు తన ఎడ్లలో ఒకదాన్ని ఇవ్వొచ్చు గదా? తప్పు నాదేనేమో అని కూడా అనుకుంది. కంటికి నదరుగా పెట్టి ఉంటే తోట అని తెలిసేది, కానీ అప్పుడు జింకలు మిగిల్చేవా? దొర మిగిల్చేవాడా? ఎవరికీ కనబడకుండా బతకడం నేర్చుకుని, అదే తెలివి అనుకుంది. ఆ తెలివే ఇప్పుడు మెడకు చుట్టుకుంది. నాగలి పట్టొద్దని చెప్పిందీ వీళ్ళే, నాగలి పట్టలేదు గనక నీది కాదంటున్నదీ వీళ్ళే. దొర ఉన్నప్పుడు దొరను తిట్టుకునేది, మరిప్పుడు ఎవరిని తిట్టాలి? ఒళ్ళు మండిపోయింది. ఏడవాలనుకుంటే ఏడుపు రాలేదు. మునిమాపు వేళ అలవాటు కొద్దీ గంప తీసుకుని కంద తవ్వడానికి వాలు దాకా పోయింది. మిరపచెట్ల ముందు కాసేపు నిలబడి, గంప ఖాళీగానే తెచ్చి గోడకు ఆనించింది.

దీపాలు పెట్టే వేళకు కాటమయ్య, ఎల్లస్వామి, జానయ్య తినడానికి కూర్చున్నారు. అమృతమ్మ జొన్నరొట్టెలు వడ్డించింది. రోజూ వడ్డించి లోపలికి పోయే మనిషి, ఇవాళ వాకిట్లోనే నిలబడింది.

“కూరేదే?” అన్నాడు కాటమయ్య.

“లేదు.”

“ఇంత కారమెయ్యి, నూనె పొయ్యి.”

“గవి సుత లేవు.”

“లేవేందే?” అంటూ లోపలి నుంచి వచ్చింది నర్సింగమ్మ. “చెట్ల నిండ మిరపకాయలు పండి ఉన్నయి గద!”

“ఏ చెట్లు అత్తా?”

నర్సింగమ్మ కొడుకు వైపు చూసింది, వాలు వైపు చూసింది. గోడకు చేరబడింది. జానయ్య చేతిలోని రొట్టె మెల్లగా కింద పెట్టాడు.

“మరి గిన్ని దినాలు మాకు పెట్టిన కూరలు ఏడికెల్లి?” అన్నాడు ఎల్లస్వామి. ఈసారి నవ్వలేదు.

“బీడు కెల్లే, అన్నా. గా జానయ్య అన్నకు పక్కపొంటి జాగ ఇయ్యుండ్రి, రాళ్ళు ఏర నేను సుత వస్త. గిది మటుకు అమృతమ్మ పేరు మీద రాయుండ్రి.”

“రాయకుంటే?” అన్నాడు కాటమయ్య, పళ్ళ నడుమ నుంచి.

అమృతమ్మ మగవాళ్ళ పంక్తి చివర చతికిలబడి కూర్చుంది. ఒట్టి రొట్టె తుంచి నోట్లో పెట్టుకుని, తొందర లేకుండా నమిలి మింగింది.

“రాయకుంటే రేపటి సంది గీ ఇంట్ల నేను సుత బీడే.”