ఇచ్చకం

"నాన్నా, ఇచ్చకం అంటే ఏంటి?"

కూతురు అడిగేసరికి చిన్న సరంగు బూట్ల తాళ్ళు బిగించుకుంటున్నాడు. ఏటికి అవతలి ఒడ్డున ఉన్న బడికి ఆ పిల్ల రోజూ తండ్రి పెద్ద సరంగు చేతికింద పనిచేసే లాంచీలోనే వెళ్తుంది. ఆ వేళ పంతులమ్మ కొత్త మాటలకి అర్థం అడిగి, సొంతవాక్యం చెప్పిస్తానందట.

"మనసులో లేకపోయినా ఎదుటివాళ్ళు ఉబ్బిపోయేలా పొగడటం," అంది జడ అల్లుతున్న అమ్మమ్మ. "ముఖస్తుతి అన్నా అదే, కాకా పట్టడమన్నా అదే. ఇచ్చకాలు చెప్పాడు, ఇచ్చకాలాడాడు అంటాం. ఏదీ, నువ్వో వాక్యం చెప్పు."

పిల్ల తడుముకోలేదు. "మా నాన్న పెద్ద సరంగు తాతగారికి ఇచ్చకాలు చెబుతాడు."

వంటింట్లోంచి భార్య కిసుక్కున నవ్వింది. అత్తగారు అల్లుడి మొహం చూడలేక జడ మరీ బిగించింది.

"అది గౌరవం తల్లీ," అన్నాడు చిన్న సరంగు నవ్వు తెచ్చిపెట్టుకుని.

"గౌరవమైతే ఇంటికొచ్చాక 'ఆ గుడ్డి ముసలాడు' అంటావేం?"

అతను పిల్ల పుస్తకాల సంచీ అందుకుని గబగబా గడప దాటాడు.

లాంచీ నడపడంలో ఒకప్పుడు పెద్ద సరంగుకి సాటి లేని మాట నిజమే. కానీ పోయిన వానల నుంచి ఆయన చూపు మందగించింది. టీ గ్లాసు కోసం చెయ్యి గాలిలో తడుముకోవడం, దారి గుర్తుకి ఏట్లో కట్టిన ఎర్ర పీపా పక్కనుంచి పోతున్నా దాని కోసం దూరంగా వెతకడం చిన్న సరంగు చూస్తూనే ఉన్నాడు. చూసి కూడా, "మీది డేగ చూపు గురువుగారూ!" అనేవాడు. ఆయన దిగిపోతూ ఎవరి పేరు చెబితే లాంచీ యజమాని చుక్కాని చక్రం వాళ్ళకే ఇస్తాడు. నాలుగు తీపి మాటలకి పోయేదేముందనుకున్నాడు.

ఆ వేళ రేవులో పొగమంచు దట్టంగా పట్టేసింది. జనం మాత్రం ఆఫీసులకి వేళయిపోతోందని గోల చేస్తున్నారు. పెద్ద సరంగు చక్రం దగ్గర నిలబడి, "ఏమంటావు? కాసేపు ఆగుదామా?" అన్నాడు.

ఆగుదామనే అనాలి. కానీ అలవాటుపడ్డ నాలుక ముందే కదిలింది. "మీ చేతిలో చక్రం ఉండగా మంచు మనల్నేం చేస్తుందండీ!"

ముసలాయన మీసాలు నవ్వాయి. లాంచీ కదిలింది.

నడి ఏట్లోకి వచ్చేసరికి లాంచీ ముక్కు కూడా కనపడటం మానేసింది. కింద ముందు బల్ల మీద పిల్లలు మాటలకి అర్థాలు వల్లెవేస్తున్నారు. వాళ్ళలో తన కూతురి గొంతు విడిగా వినబడుతోంది. ఇంతలో మంచులో పచ్చటి వెలుగు మసకమసకగా తేలింది.

"అదిగో, అవతలి రేవు దీపం," అన్నాడు పెద్ద సరంగు, తిన్నగా దానివైపే పోనిస్తూ.

'సరిగ్గా చెప్పారండీ' అనే మాట చిన్న సరంగు నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడే ఆ దీపం జరిగింది. రేవు దీపం జరగదు. దానితోపాటే బరువైన ఇంజను మోత.

"గురువుగారూ, అది రేవు కాదు. సరుకు పడవ. మన మీదికే వస్తోంది, కుడికి తిప్పండి!"

"మతి పోయిందా నీకు? ఈ ఏటి మీద పుట్టి పెరిగినవాణ్ణి, నాకు రేవు తెలీదా?"

"మీకు కనబడటం లేదండీ!"

ముసలాయన చక్రం మీద పట్టు వదల్లేదు. తల మాత్రం తిప్పాడు. "నిన్నటిదాకా డేగ చూపన్నావు. అది అబద్ధమా, ఇది అబద్ధమా?"

"అదే అబద్ధం."

పెద్ద సరంగు చేతులు చక్రం మీంచి జారిపోయాయి. చిన్న సరంగు ఒక్క ఉదుటున చక్రం పట్టి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి కుడికి తిప్పాడు. లాంచీ ఒరిగిపోయింది. సంచులు దొర్లాయి, కింద పిల్లలు కెవ్వుమన్నారు. నల్లటి గోడలాంటి పడవ పక్కభాగం మంచు చీల్చుకుని ముంచుకొచ్చింది. లాంచీ ఒంటికి వేలాడదీసిన టైర్లు దాన్ని రాసుకుని కీచుమన్నాయి. రబ్బరు కమురు వాసన వచ్చింది. అంతలోనే ఆ గోడ వెనక్కి పోయింది.

చిన్న సరంగు కిందికి తొంగి చూశాడు. కూతురు బల్ల కోడు వాటేసుకుని కూర్చుని ఉంది. దెబ్బేం తగల్లేదు.

రేవు చేరాక జనం చక్రం గదిని చుట్టేశారు. "మీరుండబట్టి బతికాం పెద్దయ్యా! ఈ ఏటికి మీరే దిక్కు!"

"నేను కాదు," అన్నాడు పెద్ద సరంగు. "నేనైతే ముంచేసేవాణ్ణి."

అందరూ దిగిపోయాక మెల్లిగా అడిగాడు. "ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"వానలప్పట్నుంచి."

"నాకూ ఏదో తేడాగానే ఉండేది. నువ్వు బాగుందంటున్నావు కదా, నాదే అనుమానం కాబోలు అనుకున్నా. నీ మాట నమ్మానురా."

తిట్టినా, చెంప పగలగొట్టినా ఇంత బాధ ఉండేది కాదు చిన్న సరంగుకి.

ఆ రోజే పెద్ద సరంగు యజమాని దగ్గరికి వెళ్ళి పని మానేస్తున్నానని చెప్పాడు. తర్వాత ఎవరని అడిగితే ఎవరి పేరూ చెప్పలేదు. యజమాని వేరే లాంచీ నుంచి మనిషిని తెచ్చి చక్రం అప్పగించాడు. చిన్న సరంగు చిన్న సరంగుగానే ఉండిపోయాడు. ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

కొన్నాళ్ళకి పెద్ద సరంగు భార్య కబురు పెట్టింది. కళ్ళ ఆసుపత్రికి తీసుకెళ్ళే దిక్కు లేదు, ఒకసారి రమ్మని. అతను పరుగున వెళ్ళాడు. డాక్టరు లైటు వేసి చాలాసేపు చూసింది. కుడి కన్ను ఆపరేషన్‌తో దక్కుతుందట. ఎడమ కంటి నరం దెబ్బతింది, కొన్ని నెలల ముందొస్తే ఆపగలిగేవాళ్ళమంది.

"పక్కన ఉండేవాళ్ళెవరూ గమనించలేదా?"

చిన్న సరంగు నేల చూపులు చూశాడు. పెద్ద సరంగు కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

బయటికొచ్చేటప్పుడు చిన్న సరంగు చెయ్యి అందించాడు. ముసలాయన అందుకోలేదు. గోడ పట్టుకుని తనే దిగాడు. రోడ్డంచున ఇద్దరూ కిరాయి బండి కోసం నిలబడ్డారు. దూరాన ఒక బండి వస్తుంటే ఆయన చెయ్యెత్తబోయి ఆగాడు.

"అది ఖాళీయేనా?"

"కాదండీ. లోపల మనుషులున్నారు."

ఎత్తిన చెయ్యి దించుకుని, తర్వాతి బండి కోసం నిలబడ్డాడు పెద్ద సరంగు.