ప్రేతం చెయ్యెత్తిన వైపు

అన్యాయం జరిగింది ఎవరికి? గుడుపల్లె గంగాధరానికి. ఎలా జరిగింది? నాటకంలో ఒక ప్రేతం అతని వైపు చెయ్యెత్తడం వల్ల జరిగింది. చేయని హత్య అతని నెత్తిన పడింది. పోలీసులు వదిలిపెట్టారు, జనం వదిలిపెట్టలేదు. ఈ సంగతిని అతని భార్య నాగరత్నమ్మ తొమ్మిదేళ్లుగా ఇంతే పొడిగా, కన్నీళ్లు కలపకుండా చెబుతూ వచ్చింది. వినేవాళ్లే కరువయ్యారు.

మదనపల్లె బట్టల వ్యాపారి లక్ష్మీపతికి ఒక నాటక సమాజం ఉండేది. ఆయన స్వయంగా రాసిన విషాద నాటకమే దానికి అన్నం పెట్టింది. అందులో రాజు తమ్ముణ్ణి చంపి సింహాసనం ఎక్కుతాడు. నాలుగో అంకంలో ఆ తమ్ముడి ప్రేతం నిండు సభలోకి వచ్చి, నోరు విప్పకుండా, కుడిచెయ్యెత్తి హంతకుణ్ణి చూపిస్తుంది.

"విషాద నాటకంలో రాజు అబద్ధమాడతాడు, మంత్రి అబద్ధమాడతాడు, ప్రేమించిన పిల్ల కూడా ఆడుతుంది," అని లక్ష్మీపతి రిహార్సల్లో చెప్పేవాడు. "చచ్చినవాడికి ఆ అవసరం లేదు. అందుకే జనం వాణ్ణి నమ్ముతారు."

జనం ఆయన అనుకున్నదానికంటే ఎక్కువే నమ్మారు. ప్రేత వేషం కట్టే ఆంజనేయులు దర్జీ. ఆట ఉన్న రోజు అతను పచ్చి మంచినీళ్లు కూడా ముట్టడు. ముఖానికి తెల్లపూత పడింది మొదలు తెర దిగేదాకా మాట్లాడడు. ఈ నిష్ఠ చూసి ఊళ్లవాళ్లు ప్రేతం రంగం మీదికి రాగానే కర్పూరం వెలిగించి ఒక ప్రశ్న అడగడం మొదలుపెట్టారు. తప్పిపోయిన ఆవు ఏ దిక్కున ఉంది? పిల్లకు సంబంధం ఏ దిక్కు నుంచి వస్తుంది? గంట మోగుతుంది, ప్రేతం చెయ్యెత్తుతుంది. ఎప్పుడూ కుడిచెయ్యే, ఎప్పుడూ కుడివైపే. సింహాసనం వేసేది ఆ వైపే కనుక. ఎడమవైపు హార్మోనియం దగ్గర గంగాధరం కూర్చునేవాడు.

డెబ్బై నాలుగులో కుప్పంలో ఒక బడి రంగస్థలం మీద ఆట పెట్టారు. రాత్రి కరెంటు ఉండదని మధ్యాహ్నమే మొదలుపెట్టారు. ఆ రంగస్థలానికి తలుపు ఎడమవైపు మాత్రమే ఉంది. రాజు రావడానికి వీలుగా సింహాసనాన్ని అటు జరిపి, హార్మోనియాన్ని కుడివైపుకు మార్చారు. అంతకు పది రోజుల ముందు గుడుపల్లెలో బయ్యమ్మ చిన్నకొడుకు మునిరాజు బావిలో శవమై తేలాడు. ఆ బావి నీళ్ల గురించే గంగాధరం అతనితో ఒకసారి మాటామాటా అనుకున్నాడు. ప్రేతం రాగానే బయ్యమ్మ కర్పూరం పళ్లెం పట్టుకుని ముందుకు వచ్చింది.

"నా కొడుకును బావిలోకి తోసిందెవరప్పా?"

గంట మోగింది. చెయ్యి లేచింది. ఆ చేతికెదురుగా గంగాధరం ఉన్నాడు.

జనం అతన్ని హార్మోనియం ముందు నుంచే ఈడ్చుకుపోయారు. మునిరాజు పాచి మీద కాలు జారి పడ్డాడని పోలీసులు కాగితం రాసి కేసు మూసేశారు. ప్రేతం చెయ్యెత్తాక కాగితానికి విలువేముంది? భార్యాభర్తలు ఇల్లు, రెండెకరాల చేను విడిచి పుంగనూరు చేరారు. నాగరత్నమ్మ మండీలో చింతపండు గింజలు తీసే పనికి కుదిరింది. గంగాధరం ఏ పనికీ కుదరలేదు. హంతకుడి దగ్గరికి పాట నేర్చుకోవడానికి పిల్లల్ని ఎవరు పంపుతారు? మూడేళ్లు గోడకానుకుని కూర్చున్నాడు, నాలుగో ఏట కన్నుమూశాడు. మోయడానికి నలుగురు దొరకక ఆమె మండీ కూలీలను బతిమాలుకుంది.

ఎనభై మూడులో, మండీకి సెలవు దొరికిన ఒక ఉదయం, ఆమె మదనపల్లె బస్సెక్కింది.

"ఎవరమ్మా? రవికె గుడ్డ తెచ్చినావా?" అన్నాడు ఆంజనేయులు కుట్టుమిషను మీది నుంచి తలెత్తకుండా.

"కొలతలకు రాలేదప్పా. గంగాధరం పెండ్లాన్ని."

మిషను ఆగిపోయింది. "కూసోమ్మా."

"నిలబడే అడుగుతా. ఆ పొద్దు నీకు ఆత్మ పూనిందా, లేదా? అదొక్కటి సెప్పు."

"యాడ పూనిందమ్మా! కడుపులో గంజి లేకపాయ, కండ్లు తిరగతా ఉండె. గంట ఇనబడగానే సెయ్యి దానంతటదే లేసింది. కుడిపక్క రాజుండాడనుకుంటి."

"ఆడనే యాల సెప్పలేదు?"

"తెర పడేదాకా నోరిప్పగూడదు గదా. అంతలోనే ఆయప్పను ఈడ్చకపోయిరి."

"తెర పడి తొమ్మిదేండ్లాయ."

అతను కత్తెర తీసి మళ్లీ అక్కడే పెట్టాడు. "లచ్చీపతన్న వద్దనె. ఆ పొద్దు నుంచి కలికిరి, కురబలకోట, యాడికి పోయినా జనం జాతర మాదిరి వచ్చిరి. నేనూ కూడు తింటిని, కాదనను. ఒకసారి మాత్రం గుడుపల్లెకు పోయి బయ్యమ్మకు సెప్తిని. 'నీకేం తెలుస్తాదప్పా, సెప్పింది నువ్వు కాదు, ఆత్మ' అని మజ్జిగిచ్చి పంపించేసింది."

మనిషి మాట చెల్లని చోట మనిషిని తెచ్చి నిలబెట్టి లాభం లేదని నాగరత్నమ్మకు ఆ క్షణాన అర్థమైంది.

"అయితే దయ్యమే సెప్పల్ల. ఆ బళ్లోనే ఆట కట్టించు. హార్మణీ పెట్టిన తావులో ఈసారి ప్రెసిడెంటుకు కుర్సీ ఎయ్యండి. కర్పూరం నేను తెస్తా."

ప్రెసిడెంటు అంటే గుడుపల్లె పంచాయతీ ప్రెసిడెంటు, బయ్యమ్మ పెద్దకొడుకు వెంకటేశులు. ఆంజనేయులు మిషను ముందు నుంచి లేచాడు.

"ఏ పాపమూ ఎరగనోడమ్మా ఆ మనిసి!"

"నా మొగుడు ఎరుగునా?"

మర్నాడే అతను లక్ష్మీపతి దగ్గరికి పోయి కుప్పంలో ఆట అడిగాడు; జనం బాగా వస్తారని ఆయన ఒప్పుకున్నాడు.

ఆట ఆదివారం మధ్యాహ్నం కట్టారు. సత్యం చెప్పే ప్రేతం మళ్లీ వస్తోందని చుట్టుపక్కల ఊళ్లన్నీ కదిలాయి. పూలదండ వేసుకున్న వెంకటేశులు రంగస్థలం మీద కుడివైపు కుర్చీలో కూర్చున్నాడు. ముందు వరసలో బయ్యమ్మ చాప పరుచుకుంది. నాలుగో అంకంలో తెల్లపూతతో ఆంజనేయులు రాగానే నాగరత్నమ్మ పళ్లెంతో లేచింది. ఆమెను గుర్తుపట్టినవాళ్లు గుసగుసలాడారు.

"మునిరాజును బావిలోకి తోసిందెవరప్పా?"

గంట మోగింది. ఆంజనేయులు చెయ్యి లేచింది, కుడివైపుకే.

బడిలో బెంచీలు జరిగిన చప్పుడు. "అన్నే సంపినాడు! నాటకంలో మాదిరే, అన్నే!" అని ఎవడో అరిచాడు. పదిమంది లేచి ముందుకు నడిచారు. వెంకటేశులు దండ చేతిలో పట్టుకుని లేచాడు.

బయ్యమ్మ మెట్లెక్కి కొడుక్కు అడ్డంగా నిలబడింది. "అబద్దం! నా పెద్దోడు ఆ పొద్దు బెంగుళూరులో ఉండె, బెల్లం లారీతో పోయుండె! ఈ దయ్యం అబద్దం సెప్తాండాది!"

"ఆ పొద్దు నిజం సెప్పిన దయ్యం ఈ పొద్దు అబద్దం సెప్తుందా బయ్యమ్మక్కా?" అని ఒక ఆడమనిషి దెప్పింది.

అప్పుడు ఆంజనేయులు, నాటకం నడుస్తుండగానే, మౌనం వదిలాడు. పైపంచెతో ముఖం మీది పూత తుడుచుకున్నాడు. "ఆత్మా లేదు, ఏమీ లేదు. నా సెయ్యి లేసేది ఈ పక్కకే. ఈడ ఎవురు కూసుంటే వాళ్లే. ఆ పొద్దు గంగాధరం కూసున్నాడు. అంతే. నా తప్పు. కొడితే నన్ను కొట్టండి." మళ్లీ గంట కొట్టమన్నాడు, మళ్లీ చెయ్యెత్తి చూపించాడు. ఇంకోసారి కొట్టమన్నాడు. మూడోసారికి జనం నడక ఆగిపోయింది. వెనక వరసలో లక్ష్మీపతి తల వంచుకుని తలుపు దారిన వెళ్లిపోయాడు.

నాగరత్నమ్మ పళ్లెం కింద పెట్టింది. కర్పూరం ఆరిపోయి మసి మిగిలింది. "ఇప్పుడు సెప్పు బయ్యమ్మా. నీ పెద్దకొడుకు మీద ఈ సెయ్యి అబద్దం. నా మొగుడి మీదో?"

బయ్యమ్మ కొడుకు వైపు చూసింది. జనం వైపు చూసింది. ఆమె బతుకులో మిగిలిన ఒకే ఒక్క ఆసరా, చిన్నవాణ్ణి పోగొట్టుకున్నందుకు తిట్టుకోవడానికి ఒక పేరు, ఇప్పుడు ఆమె చేతులతో ఆమే వదులుకోవాలి. ఎవరూ తోయలేదంటే, వాడు ఊరికే పోయాడని ఒప్పుకోవడమే.

"గంగాధరం నా కొడుకును సంపలేదు," అంది.

"ఊరంతా ఇనేట్టు."

"గంగాధరం నా కొడుకును సంపలేదు! ఎవురూ సంపలేదు! కాలుజారి సచ్చె నా బిడ్డ!" అని బయ్యమ్మ కుర్చీ పక్కనే కూలబడిపోయింది. వెంకటేశులు లేవదీయబోతే ఆమె చెయ్యి వెనక్కు తీసుకుంది. ఆ ఒక్క క్షణమే, కాని అతను చూశాడు, నాగరత్నమ్మా చూసింది. అబద్ధమని తేలినా ప్రేతం చెయ్యి తన పని కొంత చేసేసింది. దానికి తాను బాధ్యురాలినని నాగరత్నమ్మకు తెలుసు. చేసినందుకు విచారించలేదు; ఊరట కూడా పొందలేదు.

బయ్యమ్మ ముఖమెత్తి అడిగింది. "ఇంకేం కావల్ల నీకు? సెప్పు, ఇస్తా. మీ చేను మళ్లా ఇప్పించమంటావా? నా కొడుకుతో కాళ్లు పట్టించమంటావా?"

"వద్దు. నాకు రావల్సింది ఆ మాటే. వచ్చేసింది."

గంగాధరం వినవలసిన మాట అది. అతను లేని ఊళ్లో, అతన్ని ఈడ్చిన జనం మధ్య, అతని కోసం అది చివరి అక్షరం దాకా వినిపించింది. నాగరత్నమ్మ కొంగు నడుముకు బిగించి, ఎవరి ముఖమూ చూడకుండా పుంగనూరు బస్సు కోసం నడిచింది. లోకంలో ఇక ఆమెకు ఎవరూ ఏమీ బాకీ లేరు.